మరియమ్మకు దండ, దేవుడికి ఆరాధన



విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి కోవెల, ఒకదాని మీద దర్గా, మూడోదాని మీద మరియమాత గుడి. ఆ మూడో కొండ పేరు రాస్ హిల్. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లే తరవాత ప్రార్థనాలయం అయింది. ఏటా డిసెంబరు 8న అక్కడ ఉత్సవం. ఆ రోజు కొండెక్కేవాళ్లంతా కథోలికులే అనుకోకండి. నుదుట బొట్టు పెట్టుకున్న ఇల్లాళ్లుంటారు, రేవు పక్క మత్స్యకార కుటుంబాల వాళ్లుంటారు, పరీక్ష పాసైతే కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకున్న కుర్రాళ్లుంటారు.

వాళ్లలో ఎవర్ని కదిపినా ఒక మాట వినిపిస్తుంది. "మేరీమాత కూడా ఒక అమ్మవారే కదండీ." ఇది ప్రేమగా అనే మాట. అదే ఊళ్లో వేరే చర్చికి వెళ్లే క్రైస్తవుల్ని కదిపితే ఇంకో మాట వినిపిస్తుంది. "వాళ్లు మరియమ్మను పూజిస్తారు, బైబిల్లో అలా లేదు." ఇది అభ్యంతరం. ఒకరు మెచ్చుకుంటున్నారు, ఒకరు తప్పుపడుతున్నారు. కానీ కథోలికులు మరియమ్మను దేవతగా కొలుస్తారన్న సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకే అభిప్రాయం. కథోలిక సభ మొదటినుంచీ కాదంటూ వస్తోంది. ఆ కాదనడం మాటవరసకా, నిజంగానా? ఈ పూట మనం మాట్లాడుకునేది దాని గురించే.

పద్మనాభం వైపు శ్రోతలకు ఈ విషయం తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. ఆ ఊళ్లో కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి. కార్తీక అమావాస్యకు వెయ్యికి పైబడిన మెట్ల పొడుగునా దీపాలు వెలుగుతాయి. అదే ఊరి నేల మీద 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంఫిణీ సేనలతో పోరాడి ప్రాణం విడిచాడు. ఆయన స్మారకం అక్కడుంది. దానికి దండ వేస్తాం, చెప్పులు విడిచి చేతులు జోడిస్తాం. కొండెక్కి స్వామి ముందు కూడా చేతులే జోడిస్తాం. అయినా రాజుగారికి చేసింది గౌరవమనీ, స్వామికి చేసింది ఆరాధన అనీ ఆ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంత తేలికైతే ఈ ప్రసంగంతో పనే లేదు. పద్మనాభం నుంచి విజయనగరం ఎంతో దూరం లేదు. అక్కడ పైడితల్లి అమ్మవారుంది. ఐతిహ్యం ప్రకారం ఆమె విజయనగరం రాజు పెద విజయరామరాజు చెల్లెలు. 1757లో అన్నగారు బొబ్బిలి మీదికి దండు నడిపిస్తుంటే వద్దని వారించింది. అన్న పోయాక పెద్దచెరువులో కలిసిపోయింది. తరవాత విగ్రహమై పైకొచ్చింది. ఇవాళ ఆమె ఉత్తరాంధ్ర జనానికి ఇలవేల్పు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను ఊరేగుతుంటే విజయనగరం వీధులు పట్టవు. ఒకే వంశం చూడండి. యుద్ధంలో ఒరిగిన రాజు స్మారకం దగ్గర ఆగిపోయాడు, కన్నీళ్లతో కన్నుమూసిన ఆడపడుచు దేవత అయింది. గౌరవించిన మనిషిని, అందునా ఆడపడుచునో తల్లినో, వేల్పును చేసుకోవడానికి మన నేలకు జంకు లేదు. ఇది తప్పని అనడం లేదు, మన తీరు అది.

మరియమ్మ ఈ నేలకు వచ్చినప్పుడు ఆమెకూ అదే దారి తెరిచి ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, కొండ మీద గుడి, ఎదురుగా సముద్రం, మొక్కులు తీర్చుకునే జనం. ఇంకేం కావాలి? కథోలిక సభ కంచె వేసింది సరిగ్గా అక్కడే. ఆ కంచె పుస్తకాల్లోనే ఉంటుందనుకునేవాళ్లు ఒక్కసారి గుడి లోపలికి వెళ్లి చూడాలి.

బలిపీఠం దాపున ఒక చిన్న పెట్టె, దాని పక్కన ఆరనివ్వకుండా ఉంచే ఒక దీపం కనిపిస్తాయి. ఆ పెట్టెలో దివ్యసత్ప్రసాదం ఉంటుంది. అది సాక్షాత్తూ క్రీస్తు శరీరమని కథోలికుల విశ్వాసం. లోపలికి వచ్చినవాళ్లు ముందు ఆ పెట్టె వైపు తిరిగి కుడి మోకాలు నేలకు ఆనించి లేస్తారు. మన దేశంలో చాలాచోట్ల దానికి బదులు చేతులు జోడించి నడుం వంచుతారు. మరియమాత స్వరూపం ముందు ఆ నియమం లేదు. ఉన్నా లేకపోయినా అక్కడ కూడా మోకరిల్లి జపం చెప్పుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, మోకాలి సాక్ష్యం ఒక్కటీ చాలదు.

సాంబ్రాణి దగ్గర లెక్క ఇంకా ఖచ్చితం. పెద్ద పండుగలప్పుడు గురువు గొలుసులకు వేలాడే ధూపకలశం పట్టుకుని ధూపం వేస్తారు. దివ్యసత్ప్రసాదానికి మూడుమార్లు ఊపుతారు. సిలువకు మూడు, క్రీస్తు స్వరూపానికి మూడు. పునీతుల, అంటే పవిత్రులుగా సభ గుర్తించినవారి, స్వరూపాలకు రెండే. మరియమాతకూ రెండే. రోమా పూజాగ్రంథం ముందు అచ్చువేసే సూచనల్లో రాసి ఉన్న నియమమిది. ఆమె పేరు పెట్టుకున్న గుడిలో, ఆమె పండుగనాడు, వేల జనం ఆమె కోసమే వచ్చిన రోజున కూడా మూడో ఊపు లేదు. నాకు పెద్ద పెద్ద వ్యాసాల కన్నా ఈ లెక్కే ఎక్కువ చెప్పినట్టు అనిపిస్తుంది.

అసలు తేడా బలి దగ్గర ఉంది. కథోలికుల ఆరాధనకు గుండెకాయ దివ్యబలిపూజ. అందులో అప్పం, ద్రాక్షరసం తీసుకుని గురువు చేసే ప్రధాన ప్రార్థన తండ్రియైన దేవుణ్ణి సంబోధించి సాగుతుంది. మరియమ్మ పేరు ఆ ప్రార్థనలో వస్తుంది. ఆమెను స్మరిస్తారు, ఆమెతోపాటు పరలోకంలో చోటు దొరకాలని కోరుకుంటారు. కానీ ఆమెకు సమర్పించరు. మరియమాత పూజ అని మనం వాడుకగా అంటామే, అది ఆమె పండుగనాడు దేవుడికి జరిగే పూజ.

ఈ గీత ఈనాడు గీసింది కాదు. అయిదో శతాబ్దంలో ఆఫ్రికా ఉత్తర తీరాన ఉన్న బిషప్ అగస్తీను ఇదే ప్రశ్న ఎదుర్కొన్నాడు. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల సమాధుల దగ్గర గుళ్లు కడుతున్నారు, వాళ్లే మీ దేవుళ్లా అని అన్యమతస్థులు అడిగేవారు. ఏ గురువైనా ఆ పీఠం దగ్గర నిలబడి, పేతురూ ఈ బలి నీకు, పౌలూ ఈ బలి నీకు అనడం మీలో ఎవరైనా విన్నారా అని ఆయన ఎదురడిగాడు.

అంతకు కొంచెం ముందు, నాలుగో శతాబ్దం చివర్లో, ఇంకా ఆసక్తికరమైన సంగతి ఒకటి జరిగింది. సైప్రస్ ద్వీపంలో సలామిస్ అనే నగరానికి ఎపిఫానియస్ బిషప్. దారి తప్పాయని తాను అనుకున్న బోధలన్నిటి మీదా ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో అరేబియా వైపు కొందరు ఆడవాళ్ల సంగతి చెప్పాడు. వాళ్లు ఏడాదిలో కొన్ని రోజులు ఒక పీట మీద బట్ట పరిచి, రొట్టెలు పెట్టి, మరియమ్మ పేరు మీద అర్పించి, ఆ రొట్టెలు పంచుకుని తినేవారట. ఆ ఆడవాళ్ల గురించి ఆయన రాసిన మాటలు ఇవాళ చదివితే చిరాకు పుడుతుంది, వాటిని పక్కన పెడదాం. ఆయన ఎక్కడ పట్టుకున్నాడో చూడండి. మరియమ్మను తలుచుకున్నందుకు కోప్పడలేదు, గౌరవించినందుకు కోప్పడలేదు. గౌరవించమనే చెప్పాడు. ఆమెకు రొట్టె అర్పించడం దగ్గర మాత్రం అడ్డు నిలబడ్డాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ తప్ప ఇంకెవరికీ ఆరాధన చెల్లదన్నాడు. అంటే మరియమ్మను దేవతను చేసుకునే దారి తెరవబోయిన రోజునే సభ దాన్ని మూసేసింది. పదహారు వందల ఏళ్ల కింద మూసిన తలుపు అది.

431లో ఎఫెసు నగరంలో బిషప్పుల మహాసభ జరిగింది. మరియమ్మను దేవమాత అనొచ్చా అన్నది అక్కడి తగాదా. కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్టోరియస్ అనకూడదన్నాడు, సభ అనాలంది. తీర్పు వినడానికి కాచుకున్న ఊరి జనం ఆ రాత్రి కాగడాలు పట్టుకుని బిషప్పుల్ని బసల దాకా సాగనంపారని చరిత్ర. దేవుణ్ణి కన్న తల్లి అంటే దేవుడికంటే పెద్దదనేగా అని ఇవాళ కూడా కొందరు అంటారు. అక్కడ తేల్చింది యేసు గురించి. పుట్టిన బిడ్డలో దేవుడొకరు, మనిషొకరు అని ఇద్దరు లేరు, ఉన్నది ఒక్కరే, ఆ ఒక్కరికీ ఆమె తల్లి. మరియమ్మ గురించి సభ చేసిన ప్రకటనలు తరచి చూస్తే చాలావరకు కొడుకు గురించి చేసినవే.

తరవాత 787లో నీకయ్యలో జరిగిన రెండో మహాసభ స్వరూపాల సంగతి తేల్చింది. పటానికీ విగ్రహానికీ చేసే వందనం వాటిలో ఉన్న వ్యక్తికి చేరుతుంది, నిజమైన ఆరాధన మాత్రం దైవస్వభావానికే చెందుతుంది అని. పాత లాటిన్ గ్రంథాల్లో దేవుడికి చెల్లే ఆరాధనను లాత్రియా అనీ, పునీతులకిచ్చే గౌరవాన్ని దూలియా అనీ, మరియమ్మకిచ్చే విశేష గౌరవాన్ని హైపర్‌దూలియా అనీ అన్నారు. ఈ పేర్లు గుర్తుండకపోతే నష్టం లేదు. మరియమ్మకిచ్చేది పునీతులకిచ్చేదాని కన్నా హెచ్చు. అంతమాత్రాన ఆరాధనలో ఒక చిన్న వాటా ఆమెకు పంచిపెట్టినట్టు కాదు. రెండింటి జాతే వేరు.

ఇక జపమాల. అక్టోబరు వచ్చిందంటే విశాఖ విచారణల్లో, అంటే ఒక్కో గురువు పరిధిలోని విశ్వాసుల సంఘాల్లో, ఇంటింటికీ తిరిగి జపమాల చెప్పుకుంటారు. పూసలు తిప్పుతూ మంగళవార్త జపం 53 సార్లు చెబుతారు. మధ్యలో పరలోక జపాలు వస్తాయి. పక్కింటి వాకిట్లో కూచుని వినేవాళ్లకు మరియమ్మ పేరే వినిపిస్తుంది, నిజమే. ఆ జపంలో ఏముందో మాత్రం వినాలి. మొదటి సగం లూకా సువార్తలోది. దేవదూత చేసిన వందనం, చుట్టమైన ఎలిసబెతమ్మ పలికిన దీవెన. నడిమధ్యన యేసు పేరు. రెండో సగంలో అడిగేది ఒకటే. పాపులమైన మా కోసం ప్రార్థించు, ఇప్పుడూ మా చావు ఘడియలోనూ అని. వరం ఇమ్మని కాదు, వరమిచ్చేవాణ్ణి మా తరఫున అడగమని. 1568లో ఐదో పయస్ పోపు వెలువరించిన ప్రార్థనా గ్రంథంతో ఈ రూపం స్థిరపడింది. పూసలు తిప్పుతున్నంతసేపూ మనసులో తలుచుకోవాల్సిన ఘట్టాలు ఇరవై ఉన్నాయి. వాటిలో చాలావరకు యేసు జీవితంలోవే.

విశాఖలో ఈ వాదన ఎందుకు ఇంత గట్టిగా ఉందో చెప్పాలంటే కాస్త చరిత్ర కావాలి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, దే గ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడికి వచ్చారు. సువార్తల్ని తెలుగులోకి తేవడం వాళ్ల పని. వాళ్ల సంప్రదాయంలో పెరిగినవాళ్లకు మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: గ్రంథంలో ఉందా? 1846లో ఇంకో దారిన సావోయ్ ప్రాంతపు ఆన్సీ నుంచి ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు వచ్చారు. మరుసటి ఏడాదికే సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. వాళ్ల వెనకే యూరప్‌లో మరియభక్తి ఉప్పొంగింది. 1854లో మరియమ్మకు జన్మపాపం అంటలేదనే నిష్కళంక మాత సిద్ధాంత ప్రకటన, 1858లో లూర్దులో బెర్నదెత్త అనే పేదపిల్లకు మరియమ్మ దర్శనాలు. ఆ గాలి సముద్రం దాటి ఇక్కడికీ వీచింది. 1886లో విశాఖ మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, అయింది; 2001లో ఆర్చిబిషప్ ఉండే అగ్రపీఠం అయింది. గ్రంథం చేతపట్టుకుని ఒకరు, జపమాల చేతపట్టుకుని ఒకరు ఒకే రేవులో దిగారు. పక్కపక్క వీధుల్లో కాపురాలు పెట్టారు. వాదన రాకుండా ఎలా ఉంటుంది?

బైబిలు పట్టుకుని అడిగేవాళ్ల ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. యిర్మీయా గ్రంథంలో ఆకాశరాణికి రొట్టెలు కాల్చి అర్పించిన ఆడవాళ్లను ప్రవక్త మందలిస్తాడు. మీరు మరియమ్మను పరలోకరాణి అంటున్నారు కదా అంటారు. తిమోతికి రాసిన మొదటి లేఖలో దేవుడికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తు యేసు అని ఉంది కదా అంటారు. మొదటిదానికి జవాబు ఎపిఫానియస్ ఎప్పుడో చెప్పేశాడు. రాణి అనడం వేరు, రొట్టె అర్పించడం వేరు.

రెండోదానికి మన ఊళ్లలో కథోలికులు తరచు చెప్పే జవాబు నాకు నచ్చదు. అయ్యగారి దగ్గర పని కావాలంటే అమ్మగారి చేత సిఫారసు చేయించుకోమా అంటారు. ఇందులో దేవుడు కఠినుడైన ఆఫీసరైపోయాడు, మరియమ్మ వెనక గుమ్మం అయిపోయింది. కథోలిక సభ బోధించేది ఇది కానే కాదు. 1964 నవంబరులో రెండో వాటికన్ మహాసభ తిరుసభ గురించి ఒక పత్రం వెలువరించింది. అందులో చివరి అధ్యాయం మరియమ్మ మీదే. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అన్న మాటకు ఆమె తల్లితనం అడ్డు రాదనీ, ఆమెకున్న బలమంతా ఆయన దగ్గర్నుంచి వచ్చిందేననీ ఆ పత్రం చెబుతుంది. ఆమె పట్ల భక్తికీ దేవుడికి చేసే ఆరాధనకూ మౌలికమైన తేడా ఉందని కూడా అక్కడే ఉంది.

సిఫారసు కథకన్నా కానా ఊరి పెళ్లి మేలైన జవాబు. యోహాను సువార్తలో ఉంది. పెళ్లింట ద్రాక్షరసం అయిపోయింది. ఎవరికన్నా ముందు కనిపెట్టింది మరియమ్మ. కొడుకుతో చెప్పింది. బతిమాలలేదు, పట్టుబట్టలేదు. పనివాళ్ల వైపు తిరిగి, ఆయన ఏం చెబితే అది చెయ్యమంది. ఆరు రాతి బానల నీళ్లు ద్రాక్షరసంగా మార్చింది ఆయన. సువార్తలన్నిటిలో ఆమె ఇతరులకు చేసిన ఉపదేశమంటూ ఉంటే ఆ ఒక్కటే.

ఇంకొక సంగతి చెప్పాలి, ఇది కొత్తది. కొందరు కథోలికులు మరియమ్మకు సహరక్షకి అనే బిరుదు అధికారికంగా ఇమ్మని ఏళ్ల తరబడి విన్నపాలు పంపుతూ వచ్చారు. 2025 నవంబరు 4న వాటికన్ విశ్వాస విభాగం, పద్నాలుగో లియో పోపు ఆమోదంతో, ఒక పత్రం విడుదల చేసింది. ఆ బిరుదు వాడడం తగదని, రక్షకుడు క్రీస్తు ఒక్కడేనని అందులో తేల్చింది. విశ్వాసుల తల్లి అనే పేరును మాత్రం హాయిగా వాడుకోమంది. కంచె పాతబడలేదనడానికి ఇంతకన్నా తాజా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. మరి గుణదల సంగతేమిటి? విజయవాడ గుణదల కొండ మీద 1924లో అర్లాటి అనే గురువు మరియమాత స్వరూపం ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లూర్దుమాత ఉత్సవాలు. తెలుగు జిల్లాలన్నిటి నుంచీ జనం వస్తారు, తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఇది అర్పణ కాదా? నిజం చెప్పాలంటే, తలనీలాల క్రతువు ఏ కథోలిక పూజాగ్రంథంలోనూ లేదు. జనం తమ నేల నుంచి తెచ్చుకున్న మొక్కు అది. సభ దాన్ని తోసిపుచ్చలేదు, బలిపీఠం దాకా రానివ్వనూ లేదు. గుండు చేయించుకున్న ఆమె మనసులో మరియమ్మ పునీతురాలో, వేల్పో మనం చూడలేం. అక్కడ గీత చెరిగే ప్రమాదం ఉందని ఒప్పుకోవడమే మర్యాద.

ఇలాంటి తగాదా కథోలికులకే సొంతం కాదు. రేవు కొండల్లో దర్గా ఉందన్నాను కదా. దర్గాలకు చేసే గౌరవం ఎక్కడి దాకా సబబు అని ముస్లిముల్లోనూ వాదనలున్నాయి. విచిత్రమేమంటే మరియమ్మ పేరు అక్కడా ఉంది. ఖురాన్‌లో 19వ సూరా పేరు మర్యమ్. ఆ గ్రంథంలో పేరుపెట్టి ప్రస్తావించిన స్త్రీ ఆమె ఒక్కతే. ఆరాధన లేశమైనా లేకుండా ఒక స్త్రీని ఎంత ఎత్తున నిలబెట్టవచ్చో అనడానికి అదొక ఉదాహరణ.

నా తీర్పు అడిగితే, కథోలిక సభ మాట నిలబెట్టుకుంది. ధూపం లెక్కలో, జపం మాటల్లో, బలి సమర్పణలో ఎక్కడా గీత దాటలేదు. దాటేది ఉంటే జనం భక్తిలో దాటుతుంది, బోధ తగ్గినచోట దాటుతుంది. అందుకే విచారణ గురువులకూ, జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశకులకూ ఒక విన్నపం. మరియమాత ఉత్సవానికి కిక్కిరిసిన గుడి ఈస్టరు పూజకు సగం ఖాళీగా ఉంటే, ఆ లోటు పిల్లల బడిలోనే సరిదిద్దాలి. ఆరాధన ఎవరికో, గౌరవం ఎవరికో వాళ్లకు చిన్నప్పుడే తెలియాలి.

మరియమ్మ అమ్మవారే కదా అనేవాళ్లకూ, విగ్రహాలకు మొక్కుతారని వేలెత్తి చూపేవాళ్లకూ ఒకటే మనవి. ఈసారి మరియమాత పండుగకు వెళ్తే కొవ్వొత్తి వెలిగించి వెనుదిరగకండి. ఒక అరగంట ఆగి, పూజ చివరి దాకా కూచుని, బలి ఎవరి పేరు మీద సమర్పిస్తున్నారో చెవిపెట్టి వినండి. పూజ తెలుగులోనే జరుగుతుంది.